తలుపు మీద భోజనం

నోరు జారింది నాదే.
ఎర్మెలిండా పిన్ని ఫోన్లో
"మోకాళ్ళు ఇంక మాట వినడం లేదే" అన్నప్పుడు
"అయితే క్రిస్మస్ ముందురాత్రి అందరూ మా ఇంటికే రండి" అనేశాను.
ఫోన్ పెట్టేశాక చుట్టూ చూసుకున్నాను:
మాతొజిన్యుష్‌లో మూడో అంతస్తు, లిఫ్టు లేదు,
నలుగురు పట్టే బల్ల,
వచ్చేవాళ్ళతో కలిపి పద్నాలుగుమందిమి.
ఫ్యాక్టరీలో రోజూ డబ్బాల్లో చేపలు సర్దేదాన్ని,
వీళ్ళను సర్దలేనా!

పోయిన రెండేళ్ళూ హోటల్లో తిన్నాం.
వడ్డించేవాడు గడియారం వంక చూస్తుంటే
గబగబా నాలుగు ముద్దలు మింగి,
మగవాళ్ళు బిల్లు కోసం పోట్లాడి,
కారు పార్కింగులో కావిలించుకుని విడిపోయాం.
పండగ జరిగిందనడానికి
రసీదు ఒక్కటే మిగిలింది.

ఇరవై మూడో తారీకు పొద్దున
ఫిర్మీను పడకగది తలుపు ముందు నిలబడి
బేరానికొచ్చినవాడిలా దాన్ని ఎగాదిగా చూశాడు.
స్క్రూడ్రైవర్ తెమ్మన్నాడు.
మూడు బందులు, పన్నెండు మరలు.
ఒకటి తుప్పు పట్టి మొండికేసింది,
ఆలివ్ నూనె పోసి బతిమాలాం.
స్టూళ్ళ మీద పడుకోబెట్టాక తెలిసింది,
తలుపు కూడా బల్లే,
ఇన్నాళ్ళూ నిలబెట్టి ఉంచామంతే.
పిడి మాత్రం ఊడలేదు.
తెల్లటి గుడ్డ కింద ఆ మూల
ఏదో చిన్న జంతువు నక్కినట్టు ఉండిపోయింది.

వంటింటి తొట్టిలో మూడు రోజులుగా కాడ్ చేప నానుతోంది.
ఉప్పు వదలాలని నీళ్ళు మార్చి మార్చి,
పసిబిడ్డకు పాలు పట్టడానికి లేచినట్టు
అర్ధరాత్రి కూడా లేచి మార్చాను.

పిన్ని కోసం మెట్ల మలుపు మలుపునా ఒక కుర్చీ వేశాం.
ఒక్కో కుర్చీలో కూర్చుని
ఒక్కో ఇంటివాళ్ళ క్షేమం కనుక్కుని
నలభై నిమిషాలకు పైకి చేరింది.
కోటు విప్పకుండానే క్యాబేజీ రుచి చూసి
"ఉప్పు తక్కువ" అంది.
నలభై ఒక్క క్రిస్మస్‌లు వండిన నోరు,
ఏమంటాం.

బంగాళాదుంపలు సగం ఖాళీ అయ్యేసరికి
నాన్న పడవ సంగతి రానే వచ్చింది.
ఎవరు అమ్మారు, ఎంతకు, ఎవరికి చెప్పి.
అన్నయ్య కుస్తోదియు, పిన్ని కొడుకు అబీలియు,
మాట మీద మాట.
అన్నయ్యకు చిన్నప్పటినుంచీ ఒకటే అలవాటు:
లేచి, గదిలోకి వెళ్ళి, ధడాలున తలుపేసుకోవడం.
లేచాడు.
గదిలోకి వెళ్ళాడు.
వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు.

అక్కడ గుమ్మం ఉంది, అంతే.
మంచం మీద అందరి కోట్ల గుట్ట పక్కన కూలబడ్డాడు,
మేమంతా అతనికి కనిపిస్తూ,
అతను మా అందరికీ కనిపిస్తూ.
"మావయ్యా, నీ తలుపు మీద నా పళ్ళెం ఉంది"
అంది మా బెనెదీత.
ఎవరూ నవ్వలేదు. తర్వాత పిన్ని నవ్వింది.

రాజీ ఏమీ పడలేదు, అబద్ధం ఎందుకు.
కోట్ల మధ్యే కూర్చుని తిన్నాడు.
అబీలియు ఒక గ్లాసు నింపి
మాట్లాడకుండా గడప మీద పెట్టి వచ్చాడు.
కాసేపటికి చూస్తే గ్లాసు లేదు.

దాల్చినచెక్క చల్లిన తీపి రొట్టెలు కూడా అయ్యాక
పళ్ళేలు తీయబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.
"ఈ రాత్రికి ఏదీ తీయకూడదు,
పోయినవాళ్ళు వచ్చి తింటారు."
అది ఆవిడ ఇంటి ఆచారం, వాళ్ళమ్మ ఇంటిది కూడా.
కాబట్టి తలుపు తిరిగి బిగించడానికి వీల్లేదు.
సోఫాలో పిన్ని గురక,
రొట్టె పొడి మీద వంటింటి దీపం,
మూయని గదిలో మేమిద్దరం మెలకువగా.

"అమ్మ ఈ ఇల్లు ఎప్పుడూ చూడలేదు కదా" అన్నాను,
"మూడో అంతస్తు, లిఫ్టు కూడా లేదు."
ఫిర్మీను చాలాసేపు ఏమీ అనలేదు.
నిద్రపోయాడేమో అనుకున్నాను.
"మెట్ల మీద కుర్చీలు తీయలేదులే" అన్నాడు.

ఆదివారం తలుపు మళ్ళీ నిలబెట్టాం.
మోకాలెత్తున వైన్ గ్లాసు చేసిన ఎర్ర సున్నా, రుద్దినా పోదు.
ఒక మర ఎక్కడ పోయిందో దొరకలేదు.
కొత్తది కొంటానంటే వద్దన్నాను,
వచ్చే ఏడు విప్పడానికి ఒకటి తక్కువ.